కైఫీయతులు – అతిథి పాఠకులు

రాయపూర్ నగరమునకు ఉత్తరముగ, బిలాస్‌పూర్‌కు పోవు మార్గముపై సిల్తారా అను పారిశ్రామిక క్షేత్రము కలదు. స్పాంజి ఇనుము కార్ఖానాలు, ఉక్కు కొలుములు, రోలింగు మిల్లులు అచ్చట బారులుతీరి యున్నవి. 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూర్ రైలుమార్గము ఈ సీమను ఉత్తరాంధ్రముతో కలిపిన నాటినుండి తెలుగువారికి ఇది దూరదేశము కాలేదు. ఆ రైలుబండ్లు మనుష్యులను, సరకులను మోసికొని వచ్చినవి. నేడు ఈ కార్ఖానాలనుండి వెలుపలికి పోవు వస్తువులలో ఇనుము, ఉక్కు మాత్రమే కాక, కంటికి కనబడనిదియు నొకటి కలదు. అది లెక్క.

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక ఆదేశము చేసెను. అధికముగ కాలుష్యము కలిగించు పదునేడు తరగతుల పరిశ్రమలు తమ పొగగొట్టములకును, మురుగునీటి కాలువలకును కొలమాన యంత్రములు అమర్చవలెననియు, ఆ యంత్రములు తీయు లెక్క ఎడతెగక రాష్ట్ర మండలికిని కేంద్ర మండలికిని ఆన్‌లైనులో చేరవలెననియు దాని సారాంశము. ఇనుము–ఉక్కు పరిశ్రమ ఆ తరగతులలో నొకటి. పొగగొట్టములోని ధూళి పరిమాణము కార్ఖానా పుస్తకములోనే దాగియుండు కాలము అంతటితో గతించినది.

ఒక సంస్థ లెక్కను మరియొక సంస్థవారు తమ చోటనుండియే చూచు ఏర్పాటు నేడు కార్ఖానాలకే పరిమితము కాదు. ప్రభుత్వ కార్యాలయములు, విశ్వవిద్యాలయములు, బ్యాంకులు తమ పత్రములను ‘క్లౌడ్’ అను వ్యవస్థలో భద్రపరచుచున్నవి. కేంద్రప్రభుత్వము 2014లో ఆరంభించిన క్లౌడ్ వ్యవస్థకు ‘మేఘరాజ్’ అనియే పేరు పెట్టిరి. పేరు మేఘమే గాని పత్రములుండునది ఆకాశమున కాదు. ఎచ్చటనో ఒక భవనములో, అహోరాత్రములు విద్యుత్తుతోను చల్లగాలితోను పోషింపబడు కంప్యూటర్లలో నుండును. అందులోని యొక పత్రమును పరసంస్థవారికి చూపవలసి వచ్చినచో యజమాని సంస్థ వారి మెయిలు చిరునామాకు ఆహ్వానము పంపును. ఆహూతుడు తన సంస్థ తనకిచ్చిన గుర్తింపుతోనే ద్వారమున నిలిచి, తానెవరో రుజువుచేసికొని, లోపలికి పోవును. అతనికి ‘గెస్ట్ యూజర్’ అని పేరు. అనగా అతిథి. అతనికి తెరచిన గది యొక్కటే అతనికి కనబడును. చదువుటకు మాత్రమే అనుమతి యున్నచో దిద్దుటకు వీలుండదు. ఏ ఘడియలో వచ్చినదియు, ఏ పత్రము తెరచినదియు చిట్టాలో నమోదగును.

సాధనము క్రొత్తదైనను ఇందలి ప్రశ్నలు ప్రాచీనములు. ఎవరి అనుమతితో ప్రవేశింపవలెను? ఎంతవరకు చూడవచ్చును? ప్రతి తీసికొనవచ్చునా? ఇంటి యజమాని మారినపుడు అతిథి గతి యేమి? ఈ ప్రశ్నలన్నిటిని ఆంధ్రదేశము ఒకటి రెండు పర్యాయములు బహుశ్రమతో ఎదుర్కొన్నది. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

కోసలమునుండి ధాన్యకటకమునకు

పరుల భాండారమునకు అతిథిగా వచ్చి, మర్యాదతో చదివి, ప్రతులు తీసికొనిపోయిన మహనీయులలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ప్రథమగణ్యుడు. క్రీ. శ. 639 ప్రాంతమున ఆతడు కళింగమునుండి కోసలమునకు వచ్చెను. అది దక్షిణకోసలము, నేటి రాయపూర్ ప్రాంతము అందులోనిదే. రాయపూర్‌కు తూర్పున మహానదీతీరమునగల సిర్పూర్ ఆనాటి రాజధాని యని పలువురు పండితుల అభిప్రాయము. కోసలమునుండి యాతడు దక్షిణముగ నడచి ఆంధ్రదేశమునకును, అచ్చటినుండి ధాన్యకటకమునకును పోయెను.

ధాన్యకటకమున సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులు ఆతనికి లభించిరి. మహాసాంఘికుల మూలాభిధర్మాది గ్రంథములను ఆతడు కొన్ని మాసములు వారివద్ద పఠించెను. వారు ప్రతిగా ఆతనివద్ద మహాయానశాస్త్రములు అభ్యసించిరి. ఈ వినిమయమున ఎవరి సొత్తును తరుగలేదు. ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని విద్య ఇనుమడించినది.

645లో ఆతడు స్వదేశము చేరినపుడు వెంట తెచ్చిన గ్రంథములు 657. మార్గమధ్యమున సింధునదిని దాటునపుడు కొన్ని గ్రంథములు నీటిపాలయ్యెను. పెక్కేండ్లకు పిమ్మట ఆతడు భారతదేశమందలి పండితునకు లేఖ వ్రాయుచు, పోయిన గ్రంథముల జాబితా జతపరచి, మరల ప్రతులు పంప వేడుకొనెను. తలుపు దాటి వెలుపలికి వచ్చిన పిదపను అతిథికి మాట చెల్లుబడి యుండినదన్నమాట. ఆ చెల్లుబడికి మూలము ఆతడు లోపలనున్నపుడు నడచుకొన్న తీరు.

కావలి సోదరులు

పదునెనిమిదవ శతాబ్ది చివర ఆంధ్రదేశమున మరియొక విధమైన ఆతిథ్యము ఆరంభమైనది. స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున 1754లో జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో చెన్నపట్టణము చేరి కుంఫిణీ సైన్యమున ఇంజనీరుగ కుదిరెను. భూమిని కొలుచుట ఆయన ఉద్యోగము. కొలిచిన భూమిపై పూర్వమెవ్వరు జీవించిరో తెలిసికొనవలెనను కోరిక ఆయనకు క్రమముగ వ్యసనమయ్యెను. కాని దేశభాషలు తెలియవు. 1796లో ఏలూరు వాస్తవ్యుడైన కావలి వేంకట బొర్రయ్య ఆయనకు పరిచితుడయ్యెను. భారతీయ విజ్ఞానమందిరమున తనకు ప్రవేశము లభించుటకు ఈ బ్రాహ్మణయువకుని స్నేహమే తొలిమెట్టని మెకంజీ దొర 1817లో వ్రాసిన లేఖలో కృతజ్ఞతాపూర్వకముగ చెప్పికొనెను.

బొర్రయ్య 1803లో పిన్నవయస్సుననే మరణించెను. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. మరియొక సోదరుడు రామస్వామి దక్షిణదేశ కవుల చరిత్రములను ఆంగ్లమున రచించి 1829లో ప్రకటించెను. వీరిచేత శిక్షణ పొందిన గుమాస్తాలు కడప, నెల్లూరు, గుంటూరు, బళ్లారి మున్నగు సీమలలో గ్రామగ్రామమును తిరిగిరి. గ్రామనామము ఎట్లు వచ్చినది, కోట ఎవరు కట్టిరి, దేవాలయమునకు మాన్యము ఎవరిచ్చిరి, ఏ రాజు తరువాత ఏ రాజు ఏలెను అని అడిగి వ్రాసికొనిరి. కరణముల యిండ్లలో దండకవిలెలు అను పూర్వపు లెక్క కట్టలుండెడివి. వానినుండియు, శాసనములనుండియు, వృద్ధుల వాక్కులనుండియు సంగ్రహించిన గ్రామవృత్తాంతములకే కైఫీయతులు అని పేరు.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. కరణము ఇల్లు ఆతిథ్యమిచ్చిన ఇల్లు. దొర పంపిన గుమాస్తా అతిథి. కుంఫిణీవారు లెక్కలడుగుట యనినంతనే శిస్తు హెచ్చునేమో, ఇనాము పోవునేమో యని పల్లెలవారు బెదరుచుండిరి. ఆ బెదురు నిష్కారణమని చెప్పజాలము. భూమి లెక్కలన్నియు కుంఫిణీకి ఆదాయపు లెక్కలే కదా! లక్ష్మయ్య మొదలగువారు భాష తెలిసినవారు, మర్యాద తెలిసినవారు గనుకనే ఆ కట్టలు విప్పబడినవి. మూలము కరణమువద్ద నుండగా ప్రతి దొరవద్దకు పోయెను. కాలక్రమమున చెదలు, అగ్ని, వరదలు, అశ్రద్ధ కలిసి అనేక గ్రామములలో మూలములు నశించినవి. అప్పుడు అతిథి వ్రాసికొన్న ప్రతియే మూలమై నిలిచెను.

1815లో మెకంజీ భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలుగ నియమితుడై, పిమ్మట కలకత్తాకు పోయెను. తన సేకరణలకు సవిస్తరమగు పట్టిక వ్రాయవలెనని తలచెను గాని తీరిక చిక్కకయే 1821 మే 8న మరణించెను. ఆయన భార్యవద్ద కుంఫిణీ ప్రభుత్వము ఆ సంచయమును పదివేల పౌనులకు కొనెను. విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారము అందులో 1,568 సాహిత్యగ్రంథములు, 2,070 స్థానికవృత్తాంతములు, 8,076 శాసనములు, 2,159 అనువాదములు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు ఉండినవి. అవి తెలుగున మాత్రమే గాక దక్షిణదేశ భాషలన్నిటను, సంస్కృతమునను ఉండినవి.

తలుపు మూసిన దినము

సంచయము ఒకరి చేతిలోనుండి మరొకరి చేతికి పోగానే ముక్కలయ్యెను. 1823 మొదలుకొని కొంతభాగము లండనుకు పోయెను. కొంత కలకత్తాలో నిలిచెను. దక్షిణభాషల వ్రాతప్రతులు 1828లో చెన్నపట్టణమునకు వచ్చినవి. ఏలూరు కరణము ఇంటనున్న సంగతిని కనుగొనుటకు ఇప్పుడు మూడు నగరముల తలుపులు తట్టవలసివచ్చెను.

లక్ష్మయ్య ఇంకను జీవించియుండెను. మెకంజీ జీవితకాలమంతయు ఆయన వెంటనుండి, గుమాస్తాలను నడపి, ప్రతి కట్టయు ఎచ్చటనుండి వచ్చినదో ఎరిగినవాడు ఆయన. 1833 ప్రాంతమున చెన్నపట్టణమున హిందువులకై ఒక సాహిత్యసంఘమును నెలకొల్పి, ఆగిపోయిన పరిశోధనను తాను కొనసాగింతునని ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ప్రభుత్వము కలకత్తా ఏషియాటిక్ సొసైటీని అభిప్రాయమడిగెను. సొసైటీ సంఘమువారు 1836లో తమ పత్రికలో ప్రకటించిన నివేదికలో లక్ష్మయ్య ఉత్సాహమును మెచ్చుచునే, ఇట్టి విమర్శకార్యమునకు ఆయనగాని, మరి ఏ దేశీయుడుగాని చాలినవాడని చెప్పుట కష్టమనిరి. ఆ పని చెన్నపట్టణమునందలి క్రైస్తవ మతాచార్యుడు విలియం టెయిలరునకు ఒప్పగింపబడెను.

టెయిలరు కష్టించి పనిచేసిన మాట నిజము. సిరా వెలిసి, కాగితము పొడియగుచున్న సంపుటములను తిరిగి వ్రాయించెను. 1857 మొదలుకొని 1862 వరకు మూడు సంపుటములుగ ఆయన ప్రకటించిన పట్టిక పరిశోధకులకు చిరకాలము ఆధారమయ్యెను. ఆయన కృషిని తక్కువ చేయనక్కరలేదు. అయినను లక్ష్మయ్య విషయమున జరిగినది న్యాయమని చెప్పుటకు నోరు రాదు. ఇల్లిల్లు తిరిగి ఆ పత్రములను కూర్చినవాడు ఆ పత్రములపై అధికారము లేక వెలుపల నిలిచెను. ఆయన యోగ్యతను నిర్ణయించినవారు ఆయన నడచిన దారిలో ఒక్క క్రోసైనను నడచినవారు కారు. ఆయనతోపాటు నశించిన సంగతులు, అనగా ఏ కరణము మాట నమ్మదగినది, ఏ వృత్తాంతము పొట్టపోసికొనుటకు కల్పించినది అనునట్టివి, ఏ పట్టికయందును చేరలేదు.

బ్రౌను దొర కృషి

ఈ కథలో మరియొక మలుపు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1817లో చెన్నపట్టణము చేరి, 1820లో కడపకు ఉద్యోగముపై వచ్చి తెలుగు నేర్చిన ఆయన, గ్రంథములకు అనేక ప్రతులు తెప్పించి, పండితులచేత పాఠములు పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్యవంటి పండితులు ఆయనవద్ద జీతము పుచ్చుకొని ఈ కార్యము నెరవేర్చిరి. ఒకరి యింటి తాటియాకులు తెచ్చి, వ్రాసికొని, తిరిగి పంపుట ఆ పద్ధతిలో ముఖ్యభాగము.

1830 దశాబ్దిలో సెలవుపై లండనులో నుండగా కుంఫిణీవారి గ్రంథాలయమున దక్షిణదేశ వ్రాతప్రతులు చదువువారు లేక పడియుండుట ఆయన కంటబడెను. జాన్ లేడెన్ అను పండితుడు పూర్వము సేకరించినవి అవి. అవి ఎచ్చట చదువబడునో అచ్చటనే యుండదగునని వాదించి, అధికారులను ఒప్పించి, వానిని చెన్నపట్టణమునకు పంపించెను. పిదప మెకంజీ కైఫీయతులలో శిథిలమగుచుండిన వానికి మరల ప్రతులు వ్రాయించెను. నేడు ‘లోకల్ రికార్డ్సు’ అను పేర పండితలోకమునకు తెలిసిన సంపుటములు ఆ కృషిఫలమే. 1845లో తాను కూర్చిన రెండువేలకు పైబడిన వ్రాతప్రతులను చెన్నపట్టణపు సాహిత్యసంఘమునకు దానము చేసెను. ఈ సంచయములన్నియు కలిసి, 1869లో ఏర్పడిన ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు పునాది యయ్యెను.

మన యింటి కథకు మనమే అతిథులము

ఇరువదవ శతాబ్దమున తెలుగు పండితులు ఆ భాండాగారముల వాకిట వరుసగ నిలిచిరి. తంజావూరి సరస్వతీమహలు ఇంకను రాజకుటుంబపు సొత్తుగనున్న దినములలో, అచ్చటి తాటియాకులలో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును కనుగొని 1909లో ప్రథమభాగమును ప్రకటించెను. శతాబ్దములుగ మరుగుపడిన కవి ఒక అతిథి పాఠకుని వలన వెలుగు చూచెను. ఆ భాండారము 1918లో ప్రజలకు తెరువబడినది. వేటూరి ప్రభాకరశాస్త్రి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ఉద్యోగియై ఎన్ని గ్రంథములను ఉద్ధరించెనో ఆంధ్రులందరెరిగినదే. నీలకంఠశాస్త్రి, నేలటూరి వేంకటరమణయ్య 1946లో విజయనగర చరిత్రకు ఆధారములు కూర్చి ప్రకటించినపుడు కైఫీయతులు వారికి ప్రధానసాధనములలో నొకటయ్యెను. కుంఫిణీ గుమాస్తా కరణము అరుగుపై కూర్చుండి వ్రాసికొన్న వాక్యము నూటయేబది యేండ్లకు ఒక సామ్రాజ్యచరిత్రకు సాక్ష్యమైనది.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. జనులు, జిల్లాలు పంచుకొనబడినను చెన్నపట్టణమునందలి భాండాగారము అచ్చటనే నిలిచెను. గుంటూరు గ్రామపు కైఫీయతు చూడగోరు గుంటూరువాడు పొరుగు రాష్ట్రమునకు అతిథియై పోవలెను. అచ్చటివారు ఆతిథ్యము నిరాకరించిరని ఎవ్వరు నిందింపగలరు? పుస్తకమున సంతకము చేసి, సంఖ్య చెప్పి, ఎదుట కూర్చుండి చదువుకొనిన పరిశోధకులు ఎందరో కలరు. అయినను దూరము, వ్యయము, కాలము సామాన్యునకు అడ్డుగోడలైనవి. కడపలో బ్రౌను నివసించిన స్థలముననే ఆయన పేర గ్రంథాలయము వెలసి, కడప జిల్లా కైఫీయతులను పలు సంపుటములుగ ముద్రించినపుడు ఆ గోడ కొంత కూలినది. కరణము ఇంటినుండి బయలుదేరిన మాట రెండువందల యేండ్లు దేశములు తిరిగి, అచ్చుపుస్తకమై, ఆ గ్రామపు పాఠశాలకు తిరిగి వచ్చుటకు మార్గమేర్పడెను.

నేటికి పాఠము

ఈ చరిత్రనుండి నేటి క్లౌడ్ వ్యవస్థకు గ్రహింపదగినవి కొన్ని కలవు.

మొదటిది, అతిథి పేరు తెలిసియుండవలెను. లింకు చేతబడిన వారెల్లరు పత్రము తెరువగల విధమున పంచుట వీధితలుపు తీసియుంచుటవంటిది. పేరుపెట్టి ఆహ్వానించుట భాండాగారపు పుస్తకమున సంతకము చేయించుటవంటిది. రెండవది, అతిథి వచ్చిన గుర్తింపు ఎవరిదో చూడవలెను. తన సంస్థ మెయిలుతో వచ్చినవాడు ఆ సంస్థను వీడగానే, సంస్థవారు ఆ ఖాతాను మూయుదురు గనుక, ఆ ద్వారమున ప్రవేశము సామాన్యముగ ఆగిపోవును. సొంత మెయిలుతో పిలువబడినవాడు, యజమాని జ్ఞప్తియుంచుకొని తొలగించువరకు, ఉద్యోగము మారినను లోపలికి వచ్చుచునే యుండును. గడువు నిర్ణయించి పిలుచుటయు, ఆరుమాసముల కొకసారి అతిథుల పట్టికను తిరిగి చూచుటయు అందువలన అవసరము. బదిలీలు నిత్యకృత్యమైన కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది అతిథికి సంబంధించినది. పరుల భాండారమున తాను వ్రాసిన వ్రాత పరులదగ్గరనే యుండును. ఆహ్వానము రద్దైన దినమున తన శ్రమయు తనకు కనబడదు. లక్ష్మయ్య కట్టలు కట్టించెను; సంచయము అమ్ముడుపోయెను. కార్యారంభముననే ప్రతి ఎవరివద్ద నుండవలెనో, ఎవరి పేరు దానిపై నిలువవలెనో వ్రాతపూర్వకముగ నిర్ణయించుకొనుట ఇరుపక్షములకు క్షేమము.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. లెక్క చూచుట వేరు, లెక్క తెలియుట వేరు. సిల్తారా పొగగొట్టములోని యంత్రము చూపు సంఖ్య దూరపు కార్యాలయమున తెరపై స్పష్టముగనే కనబడును. ఆ గంటలో కొలిమి ఆగినదా, యంత్రము సరిచూడబడుచుండెనా, నిజముగనే ధూళి పెరిగినదా యనునది ఆ మెట్లెక్కి దిగు పనివానికి తెలియును. అట్లే ఆ ధూళి నిత్యము తమ బట్టలపై రాలునో లేదో పరిసరగ్రామములవారికి తెలియును. వారి మాట వినక సంఖ్యను మాత్రమే చదువువాడు 1836 నాటి సంఘమువారివలె పత్రమును పుచ్చుకొని మనుష్యుని విడిచినవాడగును.

ఆంధ్రదేశపు కైఫీయతులు నిలిచినది ఒక్క భాండాగారపు గోడలవలన కాదు. ఇచ్చిన కరణములు, వ్రాసిన గుమాస్తాలు, తిరిగి వ్రాయించిన దొరలు, దూరము వచ్చి చదివిన పండితులు అందరు కలిసి వానిని నిలిపిరి. వారిలో పెక్కుమంది పేర్లు సంపుటముల అట్టలపై లేవు. కావలి లక్ష్మయ్య పేరైనను తెలుగువారు మరువకుందురు గాక.